కర్ర తిరగదు, పాటే తిరగాలి

మా అన్న ఇలారియో మెత్తని మనిషని మా రేవు ఊరు మతాన్జాస్‌లో ఎవరైనా చెబితే, వాళ్లు అతని దగ్గర పాట నేర్చుకోలేదన్నమాట. నేను నేర్చుకున్నాను. చిన్నప్పుడు ఒక ఆదివారం మా లోగిట్లో, ఊరంతా చూస్తుండగా, పాటను తప్పు వైపు ఎత్తుకున్నాను. తాళం కొట్టే క్లావె కర్రలు అన్న చేతిలో ఉన్నాయి. ఒక్క దెబ్బ ఆపి నన్ను కలుపుకుంటే అతని సొమ్మేం పోయింది? సొంత చెల్లెల్ని కదా! కలుపుకోలేదు. దారి దొరికేదాకా ఏడుస్తూనే పాడాను. ఇంటికొచ్చాక కూడా బాగుందనలేదు, బాగాలేదనీ అనలేదు. నా జుట్టు తెల్లబడేదాకా అతని నోటి వెంట ఒక్క మెచ్చుకోలు విన్న పాపాన పోలేదు.

మా రుంబాకు, అంటే మా పాటకూ ఆటకూ, ఆ రెండు కర్రలే ఆధారం. తాళంలో ఒక వైపు మూడు దెబ్బలు, రెండో వైపు రెండు. పాట ఏ వైపు ఎక్కాలో ఆ వైపే ఎక్కాలి, లేకపోతే అడ్డం పడిందంటాం. అడ్డం పడితే కర్ర తిరగదు. పాడేవాళ్లు, వాయించేవాళ్లు, ఆడేవాళ్లే తిరిగి దాని దారికి రావాలి. ఇప్పుడెక్కడో పెద్ద ఊళ్లలో దీనికే బాకాలూ పియానోలూ తగిలించి సల్సా అని అమ్ముకుంటున్నారట. అమ్ముకోనివ్వండి. దాని అడుగునా ఈ కర్రలే.

అన్నకు ప్రాణస్నేహితుడు సెవెరో. ఇద్దరూ రేవులో మూటలు మోశారు, ఇద్దరూ రుంబాలో పక్కపక్కనే కూర్చున్నారు. అన్నవి కర్రలు, సెవెరోది డోలులా వాయించే చిన్న పెట్టె. ఎండుచేపలు వచ్చే చెక్కపెట్టెను విప్పి, చిత్రిక పట్టి, మళ్లీ బిగించి తనే చేసుకున్నాడు. ఎవరు ముందు పోతే వాళ్లకు ఏడాది తిరిగి వచ్చే ఏడూడికి రెండోవాళ్లు వాయించాలని ఇద్దరూ ఒట్టు వేసుకున్నారు. సెవెరో ముందు పోయాడు. ఏడూడి నాడు పోయినవాళ్ల కోసం పెట్టెలు మోగిస్తే, కర్ర సరిగ్గా నడిస్తే, ఆ మనిషి వస్తాడు. గుంపులో ఎవరి ఒంటి మీదికో వచ్చి మాట్లాడి, తన వాళ్లను ముట్టుకుని పోతాడు. కర్ర తప్పితే గుమ్మం దగ్గరి నుంచే వెనక్కి తిరుగుతాడు. ఇది మా నమ్మకం, నవ్వేవాళ్లు నవ్వుకోండి.

ఆ ఏడూడికి కొన్ని నెలల ముందు, వంటింట్లో బల్ల మీద వేళ్లతో కొట్టుకుంటూ అన్న చివరి దెబ్బ మింగేశాడు. పొరపాటనుకున్నాను. మర్నాడూ మింగాడు. కొన్నాళ్లు సరిగ్గా కొడతాడు, ఉన్నట్టుండి ఆ దెబ్బ మాయమవుతుంది. అతనికి తెలియదు. లోకంలో ఎవరు తప్పినా పసిగట్టే ఆ చెవికి తన చెయ్యి వినపడడం లేదు.

ఈ సంగతి సెవెరో భార్య దెల్ఫీనాకు చెప్పుకున్నాను. ఆమె అంది, "బేనిగ్నా, నీ కాళ్లు పట్టుకుంటా. ఆ కర్రలు మా ఎలియోకి ఇప్పించు. ఏడాదంతా ఈ ఒక్క రోజు కోసమే కదమ్మా నేను బతికింది."

ఎలియో వాళ్ల కొడుకు, చెయ్యి తిరిగినవాడు. దెల్ఫీనా అడిగినదాంట్లో తప్పేముంది? అన్నతో చెబుతానని మాటిచ్చి వచ్చాను.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున్నే అన్న కర్రలకు నూనె రాసి తుడుస్తున్నాడు. తెల్ల చొక్కా నన్ను ఇస్త్రీ చెయ్యనివ్వలేదు, తనే చేసుకున్నాడు. ముడత కనిపిస్తే సెవెరో ఏడిపించి చంపుతాడని పెళ్లికి పోయేవాడిలా మురిసిపోయాడు. నేను రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ కాఫీ కావాలా అని అడిగాను. అంతే నా ధైర్యం.

మధ్యాహ్నం దాటాక దెల్ఫీనా లోగిట్లో చేరాం. తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద నీళ్ల గ్లాసులు, పూలు, కొవ్వొత్తి, సెవెరోకి ఇష్టమైన చుట్ట, రమ్ము ఉన్నాయి. కర్రలు అన్న చేతిలో చూసి దెల్ఫీనా నా వైపు ఒక్క చూపు చూసింది. నేను తల దించుకున్నాను.

నేను ఎత్తుకున్న మొదటి పాట నీళ్లలో చేపలా సాగిపోయింది. తల్లీ, గట్టెక్కించావని మొక్కుకున్నాను. రెండో పాట సగంలో ఆ దెబ్బ పోయింది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేను నా దారిన నిలబడితే తప్పు ఎవరిదో అందరికీ తెలిసిపోతుంది. కర్ర వెంట పోతే పాట చెడుతుంది, సెవెరో రాడు. నేను కర్ర వెంటే పోయాను. నాకు నేర్పింది అదే మరి. వంత పాడేవాళ్లు నా వెంట పరుగెత్తారు. ఎలియో తన తండ్రి పెట్టె మీద తడబడి సర్దుకున్నాడు. అందరం అందుకునేసరికి ఇంకో దెబ్బ పోయింది, మళ్లీ పరుగు. ఆడుతున్నవాళ్లు కాళ్లు ఎక్కడ పెట్టాలో తెలియక ఒక్కొక్కరే పక్కకు తప్పుకున్నారు.

అప్పుడు అన్న ఆపేశాడు. పాట మధ్యలో అతని కర్ర ఆగడం నేనెన్నడూ చూడలేదు.

"బేనిగ్నా, అడ్డం పడుతున్నావే," అన్నాడు. "ఒకసారి కాదు, మాటిమాటికీ. ఎక్కడుంది నీ ధ్యాస?"

ఎలియో ఉండబట్టలేక, "పెదనాన్నా, అత్త కాదు, అది..." అంటూ లేవబోయాడు. నేను వాడి కళ్లలోకి చూశాను. వాడు నోరు మూసుకుని పెట్టె మీదికి వంగాడు.

"అవునన్నా," అన్నాను. "అడ్డం పడ్డాను."

"నీ గొంతు వినే వాడొస్తాడనుకున్నాను కదే. ఇట్లా చేశావేం? పోయి కూచో. ఇంకెవరన్నా ఎత్తుకోండమ్మా."

వెళ్లి గోడ పక్కన కూర్చున్నాను. ఆ మాటలకు కాదు, ఆ దెబ్బ పోయిందని అతనికి ఇంకా తెలియనందుకు నాకు ఏడుపొచ్చింది. ఎవరూ పాట ఎత్తుకోలేదు. అందరూ దెల్ఫీనా వైపు చూశారు. ఆమె ఒక్క మాట అంటే చాలు, కర్రలు ఎలియో చేతికి వస్తాయి. అనే హక్కు ఆమెకుంది. ఆమె బల్ల దగ్గర నుంచి లేచి వచ్చి, అన్న ఎదురుగా నిలబడి, తనే పాట ఎత్తుకుంది. గొంతు లేని మనిషి. దెబ్బ పోయిన ప్రతిసారీ ఆమె కూడా అతని వెంటే పోయింది.

సెవెరో రాలేదు. కొవ్వొత్తి అయిపోయింది. అన్నం, నల్లచిక్కుళ్లు తిని ఎవరి దారిన వాళ్లు లేచారు. గేటు దగ్గర నేను దెల్ఫీనా చేతులు పట్టుకున్నాను. ఆమె విడిపించుకోలేదు, నా మొహమూ చూడలేదు. ఇంత చేశాక ఆమెను ఏమని ఓదార్చను?

వంతెన దాటి ఇద్దరం ఇంటికి వచ్చాం. ఇంట్లో నన్ను కూర్చోబెట్టి తనే కాఫీ కాచి తెచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. నా ఎదురుగా కూర్చుని, కర్రలు తీసుకున్నాడు.

"పోనీలే, ఏడవకు. వయసు మీద పడింది, అంతే. దీనికి సిగ్గెందుకే? మళ్లీ మొదట్నుంచి నేర్పుతా. నేనున్నానుగా. ఊఁ, చప్పట్లు కొట్టు."

అతను కొట్టాడు. చివరి దెబ్బ లేదు. నేనూ ఆ దెబ్బ వదిలేసి చప్పట్లు కొట్టాను. మళ్లీ కొట్టాడు, మళ్లీ వదిలేశాను. అన్న మొహం విప్పారింది.

"బాగుందే," అన్నాడు. "ఇప్పుడు బాగుంది."