డ్రిల్ అనకుండా వచ్చిన కబురు

"అమ్మా, ఛాతిల గట్టిగ పట్టేసింది. ఓవర్."

గొంతు వీరయ్యది. వైర్‌లెస్ సరదా ఉన్నవాళ్లు నడిపే సికింద్రాబాద్ హామ్ రేడియో క్లబ్బులో పెద్దాయన. ఇవాళ్టి భూకంపం డ్రిల్‌లో ఆయన వేషం, మోండా మార్కెట్ వెనక గోదాంలో శిథిలాల కింద చిక్కుకున్నవాడు. కంట్రోల్ రూంలో క్లబ్బు తరఫున కూర్చున్న ఝాన్సీలక్ష్మి మైకు పట్టుకుని కొయ్యబారిపోయింది.

ఏళ్ల తరబడి కాళ్లరిగేలా తిరిగితే, అగ్నిమాపక దళం తమ ఫ్రీక్వెన్సీలోకి క్లబ్బును తొలిసారి రానిచ్చింది. షరతు ఒక్కటే. ఉత్తుత్తి కబురైతే ముందు "డ్రిల్" అనాలి. అనకపోతే నిజమైన ఆపద.

వీరయ్య అనలేదు. కానీ పొద్దుటి నుంచీ పంపిన ఉత్తుత్తి కబుర్లకూ ఒక్కసారీ అనలేదు మరి! పైగా స్క్రిప్టు ప్రకారం ఆయనకు విరగాల్సింది కాలు.

"వీరయ్యగారూ, నిజమా, డ్రిల్లా? ఓవర్."

"ఏమో అమ్మా, సమజైతలేదు. చెమటలు పడుతున్నయ్. ఓవర్."

ప్రాణం మీదికొచ్చినవాడు "ఓవర్" అంటాడా?

ఫైర్ ఆఫీసర్ ఓంప్రకాశ్ పకపకా నవ్వాడు. "ఏం యాక్టింగ్ మేడం! సినిమాల పెట్టుకోవాలె."

"అంబులెన్స్ పంపండి సార్."

"ఉన్నది ఒక్కటే బండి, బోయిగూడ డ్రిల్ సీన్ల ఉంది. పెద్దసార్లు చూస్తున్నరు. ఉత్తదని తేలితే మీ క్లబ్బును మళ్ల ఈ లైన్ మీదికి రానియ్యరు. తర్వాత నన్ను అనొద్దు."

ఝాన్సీ మైకు నొక్కింది. "డ్రిల్ ఆపండి. ఇది నిజం. బోయిగూడ బండి మోండా మార్కెట్‌కు రావాలి."

నిజమో కాదో ఆమెకే తెలియదు.

కాసేపటికి అంబులెన్స్ నర్సు అక్సా పలికింది. "పెద్దాయన లేచి కూసొని లొల్లి చేస్తున్నడు మేడం. నా సీన్ ఖరాబ్ చేసిన్రని తిడుతున్నడు."

ఓంప్రకాశ్ చూపుకు ఝాన్సీ తల వాల్చేసింది.

"ఉత్త గ్యాస్ బిడ్డా, ఇడువు నన్ను!" వెనక వీరయ్య కేక. మళ్లీ అక్సా, ఈసారి గొంతు మారింది. "ఈసీజీ తీసినం, గుండెపోటే మేడం. టైముకే అందుకున్నం. దవాఖానకు తీస్కపోతున్నం."

ఓంప్రకాశ్ మైకు లాక్కుని, దారి ఖాళీ చేయించమని అరిచాడు. ఝాన్సీ వీరయ్య భార్యకు ఫోన్ చేసింది.

"అనసూయమ్మ వదినా, కంగారు పడకండి..."

"కంగారెందుకమ్మా? ఇయ్యాల గోదాంల పడి చస్తనని పొద్దుగాల్నే చెప్పిండు. మంచిగ చస్తున్నడా?"

"కాదు వదినా, ఇది డ్రిల్ కాదు!"

"అవునవును," అందామె నవ్వుతూ. "నువ్వు గట్లనే అనాలె గద!"