బుడమేరు నీళ్ళొచ్చే కారు

లాజరు బతుకంతా మూటలతోనే గడిచింది. పొద్దున్నే వన్‌టౌన్‌లో చేనేత చీరలూ పంచెలూ తీసుకుని, మూట కట్టించి బస్సెక్కించి, ఉయ్యూరు, పామర్రు వైపు కొట్లకు వేసి, పొద్దుగూకేసరికి పటమటలో ఇల్లు చేరేవాడు. ఆ దారిలో కండక్టర్లందరికీ అతనూ తెలుసు, అతని మూటా తెలుసు. మూటకు టికెట్టు కొట్టాలా వద్దా అన్న తగువు మాత్రం ఏళ్ళ తరబడి తెగలేదు. ఈమధ్య మోకాళ్ళు మొరాయించాయి. మూటతో బస్సెక్కితే దిగలేడు, దిగితే మళ్ళీ మూట ఎత్తుకోలేడు. పాతదైనా సరే, ఒక కారు కొనక తప్పదనుకున్నాడు.

అయితే బుడమేరు వాగు పొంగిన వరద తర్వాత బెజవాడలో పాత కారు కొనడం మునుపటంత తేలిక కాదు. బుడమేరులో మునిగిన కార్లన్నిటిలోనూ సాయంత్రమయ్యేసరికి ఆ నీళ్ళు మళ్ళీ వచ్చేవి. కాళ్ళ దగ్గర మొదలై, సీటు మునిగి ఒళ్ళోకి వచ్చేదాకా లేచి, కాసేపు నిలిచి, దీపాలు పెట్టాక తీసేవి. తలుపు తీసినా బయటికి కారేవి కావు. తోడి పోసినా మర్నాడు మళ్ళీ హాజరు. జనం కొన్నాళ్ళు విసుక్కుని, కరెంటు కోతకు అలవాటు పడ్డట్టే దీనికీ అలవాటు పడ్డారు. సాయంత్రం పూట కార్లో పెళ్ళికి వెళ్ళేవాళ్ళు పట్టుచీరలు సంచిలో పెట్టుకుని, అక్కడికి వెళ్ళాక కట్టుకునేవారు. ఆ నీళ్ళలో ఎవరిదో స్టీలు గ్లాసు, ఎవరిదో స్కూలు బ్యాడ్జీ, ఒంటి చెప్పూ తేలి వచ్చేవి. గుర్తుపట్టినవాళ్ళు వచ్చి పట్టుకుపోయేవారు.

లాజరు ఇంటికి వరద రాలేదు. కానీ వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు ఆరోన్‌ను తీసుకుపోయింది. చర్చి కుర్రాళ్ళతో కలిసి సింగ్‌నగర్ వైపు పాల ప్యాకెట్లూ పులిహోర పొట్లాలూ పంచడానికి వెళ్ళాడు వాడు. మేడ మీద ఒక ముసలమ్మ పిలుస్తోందని, మిగతావాళ్ళు వద్దంటున్నా నడుంలోతు నీళ్ళలో వెనక్కి వెళ్ళాడు. అంతే. పడవలవాళ్ళు వెతికారు, పోలీసులు వెతికారు, నీళ్ళు తీశాక లాజరు ప్రతి కాలవగట్టూ తిరిగాడు. ఎక్కడా జాడ లేదు.

లాజరు భార్య ఏంజెల్ ఆ రోజు నుంచీ ఏడవలేదు. కొడుకు ఫోను నంబరుకు నెలనెలా రీచార్జి చేయించేది. పాస్టరు యేసుకుమార్ గారు జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుందామని వచ్చినప్పుడల్లా ఒకటే మాట అనేది. "భూస్థాపన జరగని బిడ్డకి జ్ఞాపకార్థ కూడికేంటండీ, అయ్యగారూ?" ఆయన టీ తాగి, ప్రార్థన చేసి వెళ్ళిపోయేవారు. లాజరు కూడా ఏడవలేదు. ఇంట్లో ఇద్దరూ కూలబడితే అన్నం ఎవరు వండుతారని తనకు తాను చెప్పుకునేవాడు. నిజానికి ఏడుపు మొదలైతే ఆపలేనని అతనికి భయం.

కారు కోసం ఇద్దరూ ముందుగా మెయిన్‌రోడ్డు మీది షోరూముకు వెళ్ళారు. పాత కార్లను కడిగి, పరీక్షలు చేసి, సర్టిఫికెట్టిచ్చి అమ్మే చోటు. దుర్గాశంకర్ అనే సేల్స్ కుర్రవాడు ఇద్దరికీ మంచినీళ్ళిచ్చి, ఏసీలో కూర్చోబెట్టి, తెల్లగా మెరిసిపోతున్న ఒక కారు చూపించాడు. డిక్కీలో మూడు మూటలు సుఖంగా పడతాయి. లాజరు మనసు అప్పుడే దాని చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.

"వరదలో మునిగిన బండేనండి, దాచేదేం లేదు. కానీ ఇప్పుడు ఒక్క చుక్క కూడా రాదు" అన్నాడు దుర్గాశంకర్. "ఏడాది లోపు వస్తే బండి వెనక్కి తీసుకుంటాం. రాసిస్తామండి."

ఎలా ఆపారని లాజరు అడిగాడు. గన్నవరం దగ్గర తమకు షెడ్లున్నాయనీ, అక్కడ పంపులు పెట్టి నీళ్ళు తోడుతూ, వేడిగాలి కొడుతూ, నీళ్ళు ఇక రావడం మానేసేదాకా బండిని ఉంచుతామనీ చెప్పాడు.

"తోడిన నీళ్ళు ఏం చేస్తారు బాబూ?" అంది ఏంజెల్. షోరూములో అడుగుపెట్టాక ఆమె నోరు విప్పడం అదే మొదటిసారి.

"డ్రైన్లోకి వదిలేస్తామండి."

"అందులో వచ్చినవో?"

"అవి కూడా అందులోనే పోతాయి మేడమ్."

అతని తప్పేమీ లేదు. ఆయిలు మార్చారా అంటే చెప్పినట్టే చెప్పాడు. ఏంజెల్ లేచి బయటికి వెళ్ళి, ఎండలో నిలబడింది.

రెండో కారు సింగ్‌నగర్‌లో రహ్మాన్ గారిది. హిందీ మాస్టారుగా చేసి రిటైరయిన మనిషి. గుంటూరులో కూతురు జుబియా దగ్గరికి మకాం మారుస్తున్నారు. అక్కడి అపార్టుమెంటులో నీళ్ళ కారు పెట్టనివ్వరట. లాజరు పొద్దున వస్తానని ఫోను చేస్తే ఆయన ఒప్పుకోలేదు. "పొద్దున చూపిస్తే మిమ్మల్ని మోసం చేసినట్టవుతుంది. సాయంత్రం రండి, నీళ్ళొచ్చాక చూసుకోండి" అన్నారు.

వెళ్ళేసరికి కారులో నీళ్ళు లేస్తున్నాయి. లాజరు చెయ్యి ముంచి, కొత్త సరుకు వచ్చినప్పుడు బట్టను నలిపి చూసినట్టు వేళ్ళ మధ్య ఆ నీళ్ళను నలిపాడు. సన్నటి ఒండ్రు తగిలింది. కాలవగట్ల మీద తిరిగిన రోజుల్లో అరిచేతులకు అంటిన ఒండ్రు అది. గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకుని, ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఏంజెల్ మాత్రం వెనక సీట్లో కూర్చుని, నీళ్ళు తీసేదాకా దిగలేదు. రహ్మాన్ గారి భార్య నజీమా రెండుసార్లు టీ తెచ్చి, ఆమెను కదిలించకుండానే లోపలికి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక లాజరు లెక్కగా మాట్లాడాడు. ఇది కళ్ళారా చూసి కూడా గోతిలో దిగడమేనన్నాడు. ఒక్క సాయంత్రం దారిలో ఆలస్యమైతే సరుకంతా తడుస్తుందనీ, రంగు దిగిన చీర ఏ కొట్టువాడూ ముట్టుకోడనీ, ఈ వయసులో వ్యాపారం పోతే ఎవరింటికి పోతామనీ అడిగాడు. ఆమె చివరిదాకా విన్నది.

"చీర తడిస్తే ఆరేసుకుంటామండీ. వాణ్ణి డ్రైన్లోకి వదిలేస్తే నేనెక్కడ వెతుక్కోను?"

మర్నాడు లాజరు రహ్మాన్ గారి కారే కొన్నాడు.

ఆ తర్వాత అతని వ్యాపారం పొద్దుతో పరుగుపందెం అయిపోయింది. మధ్యాహ్నానికే పని ముగించుకుని, నీళ్ళొచ్చేలోగా ఇల్లు చేరి, మూటలు వసారాలో దించేవాడు. ఒకటి రెండుసార్లు అందుకోలేక చీరలు తడిశాయి కూడా. ఏంజెల్ మారు మాట్లాడకుండా ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసింది. సాయంత్రం కాగానే వెనక సీట్లో కూర్చుని తలుపు వేసుకునేది. నీళ్ళలో ఒకనాడు కళ్ళజోడు వచ్చింది, ఒకనాడు పాలబుడ్డి వచ్చింది. వాటిని తుడిచి, సింగ్‌నగర్ తీసుకెళ్ళి ఇల్లిల్లూ తిరిగి ఇచ్చి వచ్చేది. ఆరోన్‌ది మాత్రం ఏదీ రాలేదు. లాజరు వసారాలో చీరలు మడతపెడుతూ, ఈ మనిషి ఆ నీళ్ళలోనే ముసలిదై పోతుందేమోనని కుమిలిపోయేవాడు.

వానలు వెనకబట్టాక ఒక సాయంత్రం ఏంజెల్ కారు అద్దం మీద చేత్తో కొట్టింది. లాజరు వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు.

"మెల్లగా మాట్లాడండి. పడుకున్నాడు" అంది.

లాజరు ఎదురుగా ఉన్న అద్దంలోంచి వెనక్కి చూశాడు. ఏంజెల్ ఒళ్ళో నీళ్ళు ఒక తల ఆనినంత మేర గుంట పడి ఉన్నాయి. ఆమె వేళ్ళు ఆ గుంట మీద, జుట్టు చిక్కు తీస్తున్నట్టు కదులుతున్నాయి.

"వెనక్కి రండి. ఒక్కసారి చెయ్యి వెయ్యండి వాడి మీద."

లాజరు చెయ్యి తలుపు దాకా వెళ్ళింది. అక్కడే ఆగింది. ఆ తల నిజంగా చేతికి తగిలితే తన బిడ్డ చచ్చిపోయినట్టే. అప్పుడిక ఒప్పుకోవాలి. "రేపు వేస్తాలే" అని, చేతులు రెండూ స్టీరింగు మీద పెట్టుకుని, నీళ్ళు తీసేదాకా అలాగే కూర్చున్నాడు.

ఆమె దిగి, కొంగు పిండుకుంటూ అంది. "అయ్యగారికి చెప్పండి. రేపు గుంట తీయించమనండి. సాయంత్రం తీసుకెళ్దాం."

మర్నాడు సమాధుల తోటలో లాజరు తండ్రి పక్కనే గుంట తీశారు. సాయంత్రం నీళ్ళు లేస్తుండగా లాజరు కారు నడిపాడు, కాళ్ళు నీళ్ళలోనే పెట్టుకుని, గోతుల దగ్గర మెల్లగా, వెనక పడుకున్నవాడు కదలకుండా. పాస్టరు గారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. కారులో నీళ్ళు చూసి తల ఒకసారి వంచి, దారి చూపించారు. లాజరు తన సరుకులోంచి మేలైన మంగళగిరి పంచె తీసి గుంటలో పరిచాడు. తర్వాత బకెట్టుతో తోడటం మొదలుపెట్టారు. ఏంజెల్ ముంచి ఇస్తుంటే లాజరు మోసుకెళ్ళి పోశాడు. ఆ కాసేపూ మోకాళ్ళ నొప్పి గుర్తే రాలేదతనికి. నీళ్ళు మట్టిలోకి ఇంకలేదు. పంచె మీద, ఒక మనిషి వెల్లకిలా పడుకున్నంత మేర నిలిచాయి. పాస్టరు గారు భూస్థాపనకు చదివే మాటలన్నీ, ఒక్కటీ వదలకుండా చదివారు. మన్ను వేశారు. అప్పుడు ఏంజెల్ ఏడ్చింది, ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా కలిపి, నేల మీద కూలబడి ఏడ్చింది. జ్ఞాపకార్థ కూడిక ఎప్పుడు పెట్టుకుందామో మీరే చెప్పండని వచ్చేముందు పాస్టరు గారితో తనే అంది.

మర్నాడు లాజరు అలవాటు కొద్దీ పరుగున ఇల్లు చేరి, మూటలు దించాడు. సాయంత్రమైంది. వీధిదీపాలు వెలిగాయి. కారులోకి నీళ్ళు రాలేదు. ఏ షోరూము వాళ్ళూ ఇవ్వలేనంత పొడిగా ఉన్న కారు ఇప్పుడు అతనిది. డిక్కీలో రాత్రంతా చీరలు వదిలేసినా భయం లేదు. లాజరు డ్రైవరు సీట్లో ఎదురుచూస్తూ కూర్చుండిపోయాడు. ఎంతకీ లోపలికి రాకపోయేసరికి ఏంజెల్ వెతుక్కుంటూ వచ్చింది.

"వాడింక రాడండీ" అంది.

"మొన్న వెనక్కి రమ్మన్నావు కదా, ఏంజెల్. నువ్వు రమ్మంటే నేను వెనక్కి రాలేదు" అన్నాడు లాజరు. "వాడి మీద చెయ్యి వెయ్యలేదు."

ఆమె అతన్ని దింపి, వెనక తలుపు తీసి లోపల కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుంది. అతని చెయ్యి పట్టుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

"ఇక్కడే పెట్టాడు తల" అంది.

లాజరు ఆ చీర మీద చెయ్యి ఉంచి, అప్పుడు ఏడవడం మొదలుపెట్టాడు.