టింబర్‌మన్ మాట

“పక్క జాగా డొల్లయితే మరి మన ఇంటి కింద ఏముంది బాపు, బండనా?” హరిప్రసాద్ మూడోసారి అడిగాడు.

“నీకేం తెల్వదు. సప్పుడు జెయ్యక తిను,” అన్నాడు బిక్షపతి.

“తెల్వకనే గదా అడుగుతున్న.”

కోడలు నవత నవ్వు ఆపుకుంటూ చారు తేవడానికి లేచింది. బిక్షపతి భార్య సోమమ్మకు మాత్రం నవ్వు రాలేదు.

రైల్వే స్టేషన్ వెనక వాళ్ల గల్లీ చివర ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ కడతామని ఒక బిల్డరు వచ్చాడు. మొత్తం నలభై ఇళ్లు. తెల్లారకముందే అడవి రోడ్డు మీద స్కూటీలు తోలుకొచ్చి ఖమ్మం రైలెక్కే నర్సులు, టీచర్లు అప్పుడే కిరాయిలు అడిగిపోతున్నారు. గల్లీ మాత్రం వద్దంది. ఎండాకాలం బోర్లు బురద కక్కుతాయి, చిన్న వానకే మోరీ పొంగుతుంది. అందులో అబద్ధమేమీ లేదు. సోమమ్మ కూడా అర్జీ మీద సంతకం పెట్టింది. మున్సిపాలిటీ ఆ అర్జీని పక్కన పడేసింది.

అప్పుడు రెండో అర్జీ రాయించాడు బిక్షపతి. ఆ జాగా కింద పాత గని సొరంగం ఉందని, నేల డొల్ల అని. అందరూ చూస్తుండగా ఇనుప కడ్డీతో నాలుగుచోట్ల నేలను కొట్టి, చెవి ఒగ్గి, “డొల్లనే” అన్నాడు. ఎవ్వరూ ఎదురు ప్రశ్న వేయలేదు. ముప్పై రెండేళ్లు బొగ్గుబాయిలో టింబర్‌మన్‌గా చేసిన మనిషి. బాయి కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. నిలబెట్టే ముందు కప్పును కడ్డీతో కొట్టి, చప్పుడును బట్టి ఉంటుందో కూలుతుందో చెప్పేవాడు. అతను డొల్ల అంటే పనిముట్లు ఎక్కడివక్కడ వదిలేసి అందరూ బయటికొచ్చేవాళ్లు. అట్లా ఒకసారి తొమ్మిది మంది బతికారు. వాళ్లలో ఒకడు మూడిళ్ల అవతల ఉండే పగిడయ్య.

ఈ పొద్దున పగిడయ్య ఇంటి ముందు ట్రాలీ ఆటో ఆగి ఉంది. బీరువా ఎక్కిస్తున్నారు.

“ఏడికి తమ్మీ?” అని సోమమ్మ అడిగింది.

“తిరుమలాయపాలెం, మా చెల్లె కాడికి వదినా. ఇయ్యాల సామాను, రేపు మేము. అన్న డొల్ల అన్నంక ఇంక పిల్లల్ని పెట్టుకొని ఎట్లుంటం? ఇల్లు వచ్చిన కాడికి అమ్మేస్త. అన్న మాట ఇన్న రోజు బతికిన, ఇప్పుడు ఇనకుంటే ఎట్ల?”

పక్కనే ఉన్న బిక్షపతి నోరు తెరిచి మళ్లీ మూశాడు. బీరువాకు ఒక చెయ్యి కూడా వేశాడు.

అతను నోరు మూసుకున్న ఆ క్షణమే సోమమ్మకు పదే పదే గుర్తొస్తోంది.

“ఆనాడు కడ్డీతోని కొడితే నీకేం ఇనబడ్డది?” అని భర్తను అడిగింది.

“ఏందే, నువ్వు గూడ మొదలువెట్టినవ్?”

“ఏం ఇనబడ్డది?”

బిక్షపతి కంచంలోకి వంగి ముద్ద కలిపాడు. “నేల సప్పుడు,” అన్నాడు. “గట్టి నేలే. అపార్ట్‌మెంట్ ఆగితే సాలనుకున్న. నా కోసమా? గల్లీ కోసమే గదా.”

నవత చారు గిన్నెతో గుమ్మంలోకి వచ్చింది.

“మరి పగిడయ్యకైనా చెప్పకపోతివి మామయ్యా!”

“ఒక్కనికి చెప్తే సాయంత్రానికి గల్లీ అంతా తెలుస్తది. ఇంక నా మాట ఎవడింటడు?”

ఆ ముప్పై రెండేళ్లలో ఈ మనిషి మీద సోమమ్మ ఎన్నిటికో కోపం చేసుకుంది. తాగొచ్చిన రోజులున్నాయి, జీతం దాచిన రోజులున్నాయి. డొల్ల అనే ఆ ఒక్క మాటను మాత్రం ఎన్నడూ అనుమానించలేదు. బాయి దగ్గర ఏ ఆడమనిషీ అనుమానించలేదు. మొగుళ్లు తిరిగొచ్చేది ఆ మాట మీదనే.

ఆమె కంచం పక్కకు జరిపి చేతులు కడుక్కుంది.

“రేపు మున్సిపాలిటీ వాళ్లు జాగ చూడనీకి వస్తరు గదా, నేల గట్టిదే అని నేనే చెప్త,” అంది, గొంతు పెంచకుండా. “నీళ్ల సంగతి, మోరీ సంగతి గూడ చెప్త. వాటి మీద ఆగితే ఆగుతది, లేకుంటే కట్టుకుంటరు. పగిడయ్యకు మాత్రం ఇప్పుడే చెప్పాలె. నువ్వొస్తే నువ్వే చెప్పు. రాకపోతే నేను పోయి చెప్తున్న.”