మంచం పక్కన అరగంట

మనవరాలి బ్యాగు నేనే సర్దాను. రెండు జతల బట్టలు, కాగితాల కట్ట, కళ్ళజోడు, టార్చిలైటు, జ్వరం మాత్రలు, నాలుగు తువ్వాళ్ళు. ఎవరు ప్రయాణమైనా నా చేతులు ఊరుకోవు. జిప్పు వేశాక కూడా ఏదో మరిచినట్టే ఉంటుంది.

"రెండు రోజులకి నాలుగు తువ్వాళ్ళేంటి అమ్మమ్మా? బోర్డు వాళ్ళు నన్ను లెక్కలడుగుతారు గానీ నీళ్ళలో ముంచి తీయరు."

"లెక్కలడిగితే చెమటలు పట్టవా?"

"నాకు పట్టవు. ఇక్కడ కూర్చున్న నీకే పడతాయి. అందుకే నువ్వూ రా. సమావేశంలో వెనక కుర్చీల్లో ఎవరైనా కూర్చోవచ్చు."

ఐదో తువ్వాలు కూడా పెట్టాను.

ఆమె ఏం పని చేస్తుందని ఇరుగుపొరుగు అడిగితే మొదట్లో నాకు నోరు తిరిగేది కాదు. ఇప్పుడు చెప్పగలను. ఆసుపత్రిలో పొరపాటున రోగులకు జరిగే హాని ఎంత, దాన్ని ఆపడానికి ఎంత ఖర్చవుతుంది, ఆపకపోతే ఎంతవుతుంది, ఇవి తేలుస్తుంది. రాసినదంతా ముందు నాకే ఇస్తుంది. బడి ముఖం చూడకుండా కూడబలుక్కుని నేర్చుకున్న చదువు నాది. అర్థం కానిచోట ఆగిపోతాను. నేను ఆగిన చోటల్లా ఆమె వాక్యం మార్చి రాస్తుంది.

ఈసారి రాసింది నర్సులు డ్యూటీ మారే అరగంట గురించి. దిగే నర్సు, ఎక్కే నర్సు, ఆ అరగంట ఇద్దరూ వార్డులో ఉంటారు. కొన్ని వార్డుల్లో నర్సుల గదిలో కూర్చుని ఎవరికేం మందిచ్చారో చెప్పుకుంటారు. కొన్నింటిలో ఒక్కో మంచం పక్కనా నిలబడి, రోగి వినేలా చెప్పుకుంటారు. అలా చెప్పుకునేచోట రోగే అడ్డుపడతాడు: "ఆ సూది ఇందాకే పొడిచారు తల్లీ, మళ్ళీనా?" ఇచ్చి, రాయడం మరిచిన మందు అక్కడ బయటపడుతుంది. ఆ వార్డుల్లో ఒకే మందు రెండుసార్లు పడటం సగానికి సగం తక్కువని ఆమె తేల్చింది.

ఆసుపత్రులు నడిపే బోర్డు ఆ అరగంటను ఎత్తేయాలని చూస్తోంది. ఒకే వేళకి ఇద్దరికి జీతం దండగట. ఉంచాలా తీసేయాలా అన్నది మేం వెళ్తున్న సమావేశంలో తేలాలి.

రైల్లో నా మనసులో మాట చెప్పాను. "మీ తాతయ్య సంగతి చెప్పవే. అంకెలు వినని వాళ్ళు అదైనా వింటారు."

"తాతయ్య నా లెక్కలో లేరు అమ్మమ్మా."

"లేకపోవడమేంటే? మనిషే పోతేనూ."

"నేను ఈ పరిశీలన మొదలుపెట్టడానికి చాలా ముందే పోయారు. పైగా రెండో సూది వల్లే పోయారని నేను రుజువు చేయలేను. నాకు అలా అనిపిస్తుంది, అంతే. అనిపించింది లెక్కలో రాయకూడదు."

నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. భుజాలమీద మోసి పెంచిన తాతను బయట నిలబెట్టేసిందని కోపం వచ్చింది.

సమావేశం గదిలో పొడవాటి బల్ల, దాని చుట్టూ బోర్డు వాళ్ళు, గరగరమనే ఏసీ. నా పక్క కుర్చీలో ఒక పెద్ద నర్సు కూర్చుంది.

"మీ అమ్మాయా?" అంది, మనవరాలు లేచి నిలబడగానే.

"మనవరాలండీ."

"మరీ గాలికెగిరిపోయేట్టుంది. వీళ్ళ ముందు నిలుస్తుందా?"

"తింటుందండీ, ఒంటికి పట్టదు," అన్నాను.

బోర్డు లెక్కల అధికారి మొదలుపెట్టాడు. "మేడమ్, కబుర్లు చెప్పుకోవడానికి అరగంట జీతం ఇవ్వమంటారా?"

"గదిలో కూర్చుని చెప్పుకుంటే ఇవ్వక్కర్లేదండి," అంది మనవరాలు.

పెద్ద నర్సు నా వైపు వంగింది. "ఈ పిల్ల ఎవరి వైపండీ?"

నాకూ తెలియలేదు.

"గదిలో చెప్పుకుంటే లాభం నాకు కనబడలేదు. మంచం పక్కన చెప్పుకుంటే కనబడింది. మందు రెండుసార్లు పడిన రోగి ఇంకొన్ని రోజులు మంచం దిగడు. ఆ మంచం, ఆ పరీక్షలు, ఆ మందులు అన్నీ మీ ఖర్చే. అరగంట జీతం కంటే అదే ఎక్కువ. సరిగ్గా ఎంత ఎక్కువో చెప్పలేను. ఎంతకు తగ్గదో చెప్పగలను."

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. "ఇంత పట్టుదలగా ఉన్నారు. మీ ఇంట్లో ఎవరికైనా జరిగిందా?"

చెప్పు, అనుకున్నాను. ఒక్క మాట చాలు. మనవరాలు నా వైపు చూసింది.

"జరిగిందండి. ఇందులో చేర్చలేదు. చేరిస్తే మీరు నన్ను చూసి జాలిపడి, లెక్క సరిచూడరు. ఈ వార్డుల్లో వాళ్ళకి ఏమైందో చూడండి. అది చాలదనిపిస్తే అరగంట తీసేయండి."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, "ఎంతకు తగ్గదో అది చూపించండి," అన్నాడు. చూపించింది. ఆయన తన సొంత కాలిక్యులేటర్ మీద మొదటినుంచి వేసుకున్నాడు. వేసుకున్నాక కాలిక్యులేటర్‌ను బల్ల చివర కూర్చున్న పెద్ద డాక్టరు వైపు జరిపాడు.

"అరగంట ఉంచుదాం," అన్నాడు పెద్ద డాక్టరు. "కానీ గదిలో కాదు, మంచాల పక్కనే."

"మా కుర్చీలకి ఎసరు పెట్టిందండీ మీ పిల్ల," అని పెద్ద నర్సు నవ్వుతూ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

రైల్లో వచ్చిన కోపం నాలో ఎక్కడా లేదు. తాతయ్య పేరెత్తి ఉంటే వాళ్ళు తలలూపి, ఓదార్చి, అరగంట తీసేసి ఉండేవాళ్ళేమో. ఎవరూ అడగకపోయినా నర్సుతో మళ్ళీ అన్నాను, "నా మనవరాలండీ. నేనే పెంచాను."

తాతయ్య సంగతి మనవరాలు రాయలేదు, రాయకపోవడమే సబబు. ఇది లెక్క కాదు కనుక నేను రాస్తున్నాను. మా ఆయన హెర్నియా ఆపరేషన్‌కని ఆసుపత్రిలో చేరారు. సాయంత్రం డ్యూటీ మారే వేళ, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే సూది ఆయనకి రెండుసార్లు పడింది. ఆ ఏడాది వానలు మొదలైన వారంలోనే, శనివారం పొద్దున పోయారు. ఇంటికి తిరిగి రాలేదు.