కాగితపు సంచుల మీద పేర్లు

న్యూజెర్సీలో మా ఆసుపత్రి ఐదో అంతస్తులో నర్సుకొక మేకు, మేకుకొక కాగితపు సంచి. కరోనా వార్డులో ఒకే మాస్కు ఐదు రోజులు వాడాలి. డ్యూటీ దిగగానే పేరు రాసిన సంచిలో దాచాలి. కొత్త మాస్కులు ప్రతి అంతస్తులోనూ స్టోరు బీరువాలో, తాళం వెనక.

నాకు పెళ్లయి ఇరవై రోజులు. నా సంచి మీద మా ఆయన డెన్సియో చేపబొమ్మ గీసిచ్చాడు. ఆ ఏప్రిల్లో కూడా దాన్ని చూస్తే నవ్వొచ్చేది.

సోమవారం రోసెండా అక్క మాస్కు పట్టీ తెగింది. సూపర్‌వైజర్ హాల్‌స్ట్రామ్‌ని కొత్తది అడిగింది.

"ఇంకా మూడు రోజులుందిగా. స్టేప్లర్ కొట్టుకో."

"నీ మూతికి కొడతా స్టేప్లరు," అంది అక్క మా ఫిలిప్పీన్స్ భాషలో. పగలబడి నవ్వాం.

మధ్యాహ్నం ఏడో మంచం మీది ముసలాయన ఊపిరాడక, మంచానికి కట్టిన చేతికట్టు తెంచుకుని అక్క మొహం మీద గుద్దాడు. మాస్కు ఊడి రక్తంలో పడింది. అంతలో ఆయన గుండె ఆగింది.

"బయటికి రా అక్కా!"

"నేను చెయ్యి తీస్తే పోతాడే పిల్లా!" అంటూ ఆమె ఛాతీ నొక్కుతూనే ఉంది.

ఆయన బతికాడు. పదహారో రోజున అదే జబ్బుతో, అదే మంచం మీద అక్క చచ్చిపోయింది.

మర్నాడు హాల్‌స్ట్రామ్ అక్క సంచిని చెత్తబుట్టలో పడెయ్యబోయాడు. "మేకు ఖాళీ చెయ్యాలి. కొత్తామె వస్తోంది."

మా వార్డు ఊడ్చే పెద్దాయన వెండెల్ ఆ సంచి లాక్కున్నాడు. "ముట్టుకోకు దాన్ని."

హాల్‌స్ట్రామ్ పిలిచిన గార్డులు వెండెల్ మొహాన్ని గోడకేసి కొట్టారు. రెండు పళ్లు రాలాయి.

అప్పుడర్థమైంది. మేం పోతే ఇంకొకరిని తెచ్చుకుంటారు. తాళం మాత్రం తియ్యరు. ఖాళీ ఆక్సిజన్ సిలిండర్ ఎత్తాను. మూడో దెబ్బకు బీరువా తలుపు విరిగింది. గార్డు లాఠీ నా భుజాన్ని విరిచింది. అక్కడున్న నర్సులంతా వాడి మీద పడి, గోళ్లతో, మోచేతులతో వాణ్ణి వెనక్కి నెట్టారు.

"ముందు లోపల డ్యూటీలో ఉన్న వాళ్లకివ్వండే మాస్కులు!" అని అరిచాను.

పోలీసులొచ్చారు. హాల్‌స్ట్రామ్ వాళ్ల వెనకనుంచి అరిచాడు. "ఎవరెవరున్నారు ఇందులో? పేర్లు కావాలి!"

ఎన్నడూ గొంతెత్తని అడెలిన్ తన సంచి పీకి అతని కాళ్ల ముందు విసిరింది. "రాసే ఉన్నాయి. చదువుకో!" మిగతావాళ్లూ విసిరారు. పన్నెండు సంచులు. చివరగా వెండెల్, నోటి నిండా రక్తంతో, రోసెండా సంచిని వాటి పైన పెట్టాడు.

"ముందు ఈమెను అరెస్టు చెయ్యి."

కొత్త మాస్కులు బిగించుకుని వాళ్లు మంచాల దగ్గరికి వెళ్లారు. నాకు బేడీలు వేసిన పోలీసు, నా సంచి మీది చేపను చూసి "ఏంటిది?" అన్నాడు.

"మా ఆయన," అన్నాను.

లిఫ్టు తలుపులు మూసుకుంటున్నాయి. పైన ఆరో అంతస్తులో ఎవరో వాళ్ల బీరువా మీద కొడుతున్నారు. ఒకటి. రెండు.


మూడు.