మీటరెక్కని దూరం

పక్కసీట్లో కూర్చుని బతికే మనిషికి కుడికాలు ఇనుప కాలై ఉండాలి. ఊళ్లో సగంమందికి కారు నేర్పిన ఆవిడను అందరూ బ్రేకు మేడం అంటారు. ఆవిడ డ్రైవింగ్ స్కూలు కారులో పక్కసీటు ముందు కూడా ఓ బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్లు స్టీరింగు పట్టుకుని గుడ్లు తేలేస్తున్నప్పుడు, రోడ్డు మీద జనాన్ని కాపాడేది ఆ బ్రేకు మీదున్న ఆవిడ కాలే. అలవాటు ఎంత ముదిరిందంటే, ఇంట్లో టీవీ చూస్తున్నా సరే, తెర మీద ఎవరైనా కారు జోరుగా తోలితే ఆవిడ కాలు నేలను అదిమేస్తుంది. ఏ చెప్పుల జత కొన్నా కుడిదే ముందు అరుగుతుంది.

ఇంతా చేస్తే ఆ కారు మూడో గేరు దాటిన పాపాన పోలేదు. రోజంతా రోడ్డు మీదే ఉంటుంది కానీ రోడ్డు ఎలా ఉంటుందో ఆవిడకు తెలియదు. కొత్తగా పనిలో చేరిన రోజుల్లో ఓసారి, శిష్యుడొకడు రోడ్డు మధ్యలో బండి ఆపేసి చెమటలు కక్కుతుంటే, పక్కనుంచి ముదురు నీలం రంగు కారొకటి దూసుకుపోయింది. చూడ్డానికి పెళ్లిళ్లకు వెళ్లే మామూలు నాలుగు తలుపుల కారే. దాని మోత మాత్రం చెవికి కాదు, పొట్టలో తగిలింది. ఆ మోత ఆవిడలో అలాగే ఉండిపోయింది. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, జుట్టు నెరిసింది. అది మాత్రం పోలేదు.

"పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందట. స్పీడు నలభై దాటితే కళ్లు మూసుకునేదానివి, నీకెందుకే అంత బండి?" అని భర్త ఏడిపిస్తూ ఉండేవాడు. కానీ ఫోనులో ప్రకటన చూసి, "ఇదిగో, నీ పులి అమ్మకానికొచ్చింది" అని చూపించింది కూడా ఆయనే. అదే రకం కారు. అదే ముదురు నీలం. ఆరు సిలిండర్లు, చేత్తో వేసుకునే గేర్లు. ఇప్పుడా రకం తయారు చేయడం మానేశారు. ఆవిడ ఆ బొమ్మను వేళ్లతో పెద్దది చేసి, చిన్నది చేసి, మళ్లీ పెద్దది చేసి చూసుకుంది. అన్నం చల్లారిపోయింది.

కొనాలంటే తమ్ముడు ఊ అనాలి. తమ్ముడు మెకానిక్కు. అనుమానం పెనుభూతం అంటారు కదా, వాడి అనుమానాలు చూసి వీధి వీధంతా వాణ్ణి పెనుభూతం అనే పిలుస్తుంది. కూరగాయలు కొన్నా తొడిమ తిప్పి చూసేరకం.

"అక్కా, మామూలు బండిలో తప్పు దొర్లితే జేబుకు చిల్లు పడుతుంది. ఇలాంటి పరుగుబండిలో దొర్లితే జేబే ఉండదు. మొదటాయన సరదాగా చితక్కొడతాడు, రెండో ఆయన కడిగి తుడిచి అమ్ముతాడు, మూడో ఆయన ఏడుస్తాడు. ఆ మూడో ఆయనవి నువ్వు కాకూడదు" అన్నాడు దారిలో. "వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేస్తా. చల్లగా ఉంటే బండి చూద్దాం. వేడిగా ఉంటే ఇంటికొచ్చేద్దాం."

"వేడికేమైందిరా?"

"జబ్బులన్నీ చల్లటి ఇంజన్ను మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడే బయటపడతాయి. లోపల చెయిను వదులైతే గలగలమంటుంది, నూనె కాలుతుంటే నీలం పొగ వస్తుంది. దాచుకోవాల్సింది ఉన్నవాళ్లు మనం వచ్చేలోపే వేడి చేసి పెడతారు."

అమ్మేవాళ్ల ఇంటికి చేరేసరికి ఇంటావిడ వచ్చి షెడ్డు షట్టరు ఎత్తింది. పొడుగాటి షెడ్డు, ఓ మూల చీపురు, ఓ మూల కుర్చీ, మధ్యలో కారు. బ్రేకు మేడం దాన్నే చూస్తూ గుమ్మంలో ఆగిపోయింది. తమ్ముడు మాత్రం పలకరింపులు కూడా కాకముందే బానెట్ మీద చెయ్యి వేశాడు. వేసి, అక్కవైపు చూశాడు.

వేడిగా ఉంది.

"పొద్దున్న బయటికి తీశారా అమ్మా?" అన్నాడు.

"లేదు బాబూ, బయటికి తీసేవాళ్లెవరు" అంది ఇంటావిడ. అని, తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది.

అక్క ముఖం చూసి వాడు వెంటనే వెనక్కి తిరగలేకపోయాడు. కారు కిందికి దూరాడు, రబ్బరు అంచులు తీసి రంగు చూశాడు, టైర్ల మీద అచ్చయిన సంవత్సరం చదివాడు. ఎక్కడా గుద్దిన గుర్తు లేదు, తుప్పు లేదు. చివరికి లోపల కూర్చుని, మీటరు చూసి, ముఖం చిట్లించి అక్కను పిలిచాడు.

"చూడు. మీటరు ప్రకారం ఈ బండి సరిగా తిరగనే లేదు, కొత్త పెళ్లికూతురు. మరి ఈ సీటు అంచు ఇలా ఎందుకు నలిగింది? స్టీరింగు తోలు నున్నగా అరిగింది. క్లచ్ రబ్బరు చూడు, గీతలు కూడా మిగల్లేదు. సైలెన్సరు గొట్టంలో వేలు పెడితే మసి, కాటుక పెట్టుకోవచ్చు. మీటరు వెనక్కి తిప్పేశారక్కా. పద."

"మీవారు ఉన్నారాండీ? ఆయనతో ఓ మాట..." అంది బ్రేకు మేడం, ఇంకా ఆశ చావక.

"పైన ఉన్నారు. కిందికి రారు" అంది ఇంటావిడ నేల చూస్తూ.

బయటికొచ్చాక తమ్ముడు తీర్పు చెప్పేశాడు. మోసం. ఆవిడ ఇంటికొచ్చి చెప్పులు విప్పి, గడప దగ్గరే కూలబడింది. ఏడుపు రావడం లేదు కానీ, వస్తే బాగుండుననిపించింది. ఇన్నేళ్లు ఎదురుచూసి, చెయ్యి వేసి చూసి, వదిలేసి రావడం కంటే అసలు చూడకుండా ఉంటేనే నయం కదా అనుకుంది. అలా అనుకుంటూ చెప్పుల వంక చూసింది. ఎడమది ఇంకా కొత్తదే. కుడిదాని ముందుభాగం అరిగి పల్చబడింది.

ఈ కాలితో ఆవిడ ఏ ఊరికి వెళ్లింది? ఎక్కడికీ వెళ్లలేదు. కూర్చున్నచోట కూర్చునే తొక్కింది.

ఆవిడ గబుక్కున లేచి తమ్ముడికి ఫోను చేసింది. "ఒరేయ్, రేపు పొద్దున్నే మళ్లీ వెళ్దాం. చెప్పకుండా వెళ్దాం."

"నీకేమైనా పిచ్చా అక్కా?"

"ఉంది. రా."

మర్నాడు తెల్లవారగానే వీధి మొదట్లో దిగేసరికే ఆ మోత వినపడింది. షట్టరు పూర్తిగా ఎత్తి ఉంది. కారు లోపలే ఉంది, ఇంజన్ నడుస్తోంది. డ్రైవరు సీట్లో ఒక పెద్దాయన నల్లద్దాలు పెట్టుకుని, స్టీరింగు మీద చేతులు వేసి కూర్చున్నాడు. ఎడమకాలితో క్లచ్ పూర్తిగా అదిమే ఉంచి, గేరు మారుస్తున్నాడు. రెండు, మూడు, నాలుగు. మళ్లీ మూడు. స్టీరింగు కాస్త తిప్పాడు. ఇంజన్ మోత కొంచెం పెంచాడు. కారు మాత్రం అంగుళం కదల్లేదు.

తమ్ముడు బుర్ర గోక్కున్నాడు. వంటింటి గుమ్మంలో ఇంటావిడ కాఫీ గ్లాసుతో నిలబడిపోయింది.

బ్రేకు మేడంకు మాత్రం ఆయన ఏం చేస్తున్నాడో తెలిసిపోయింది. ఆ గేర్ల వరుస చూసి కొండదారి అని పోల్చుకుంది. ఎక్కుతున్నాడు. మలుపొచ్చింది. ఎన్నేళ్ల అలవాటో, నోరు ఊరుకోలేదు.

"ఇండికేటర్ వేయలేదు మీరు" అంది.

పెద్దాయన ఇంజన్ ఆపేశాడు. తర్వాత పకపకా నవ్వాడు. "ఎవరండీ అది? ఈ కొండమీద నాకెప్పుడూ ఎవరూ ఎదురు రాలేదు!"

అప్పుడు తెలిసింది సంగతంతా. ఆయనకు పెద్ద కళ్లజోళ్ల షాపు ఉండేది. ఊరందరికీ చూపు సరిచేసినవాడు తన చూపు మసకబారుతుంటే బయటికి చెప్పుకోలేదు. కళ్లజోళ్లమ్మేవాడికి కళ్లు పోయాయంటే కొనడానికొచ్చేదెవరు? చివరికి రెండు కళ్లూ పోయాయి. షాపు ఎవరికో అప్పగించాడు. కారును మాత్రం అప్పగించలేకపోయాడు. పొద్దున్నే వచ్చి కూర్చుంటాడు, స్టార్ట్ చేస్తాడు, కొండకెళ్లి వస్తాడు. ఎప్పుడూ ఆ దారే.

"బండి చూడ్డానికి మనుషులొస్తున్నారని నేను చెప్పాను. ఆ రోజు మాత్రం కూర్చోకండి అని కూడా చెప్పాను" అంది ఇంటావిడ. "ఒక్కసారే, ఆఖరుసారి అన్నారు. నేనేమనను? మీ తమ్ముడు చెయ్యి వేసి చూసేసరికి నాకు తల కొట్టేసినట్టయింది. ఆయనిలా చేస్తారని పరాయివాళ్ల ముందు ఎలా చెప్పుకోను?"

"అమ్మమన్నది నేనేనండీ" అన్నాడు పెద్దాయన. "పరిగెత్తాల్సిన బండిని కట్టేసి మేపుతున్నాను. దాని ఊపిరి బరువెక్కింది, నాకు వినపడుతోంది. నా ముచ్చట కోసం దాన్ని చంపుతున్నాను. బాధగానే ఉంది. అయినా అమ్మాలి."

పెనుభూతం మొట్టమొదటిసారి తల వంచుకున్నాడు. గొట్టం దగ్గరికెళ్లి మళ్లీ వేలు పెట్టి మసి చూసుకున్నాడు. "మీరన్నది నిజమేనండీ. నిలబెట్టి నడిపితే ఇలాగే మసి పడుతుంది. ప్లగ్గులు మార్చాలి, నూనె మార్చాలి. క్లచ్ కూడా అలిసిపోయుంటుంది, కొన్నాక అక్క నన్ను తిట్టకూడదు. అంతకుమించి దీనికి జబ్బు లేదు. అసలు మందు పరుగే. ఓసారి గట్టిగా తోలి తెస్తే గొంతు విప్పుతుంది."

"అయితే పదండి" అన్నాడు పెద్దాయన.

తమ్ముడు వెనక ఎక్కాడు. బ్రేకు మేడం తలుపు తీసుకుని కూర్చుని బెల్టు పెట్టుకుంది. పెద్దాయన కూడా బెల్టు పెట్టుకున్నాడు. ఇద్దరూ ముందుకు తిరిగి, ఎదురుచూస్తూ కూర్చున్నారు.

"ఏమండీ, అంతా బాగుంది కానీ" అన్నాడు తమ్ముడు వెనకనుంచి, "బండి నడిపేదెవరు?"

ఆవిడ అలవాటుగా పక్కసీట్లో కూర్చుంది. ఆయన అలవాటుగా డ్రైవరు సీట్లోనే ఉండిపోయాడు. ఇంటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, ఆ కొంగుతోనే కళ్లు తుడుచుకుంది. ఇద్దరూ దిగారు. బానెట్ ముందు నుంచి ఆయన తడుముకుంటూ ఇటు వచ్చాడు, ఆవిడ అటు వెళ్లింది. ఎదురైనచోట ఆయన ఆగి, తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టాడు. వెంటనే వదల్లేదు.

ఊరు దాటి కొత్తరోడ్డెక్కారు. ఆ వేళకు కనుచూపు మేరలో ఒక్క బండి లేదు. ఆవిడ నలభైలో వెళ్తోంది. చేతులు పది గంటల పది నిమిషాలు చూపిస్తున్న గడియారం ముళ్లలా బిగుసుకుపోయాయి. కాలు యాక్సిలరేటరు మీద ఆనడం లేదు, ఆనీ ఆననట్టు ఆని బ్రేకు మీదికి పారిపోతోంది. ఇన్నేళ్ల కోరిక చేతికందాక తన కాలే అడ్డం పడింది. బండిని అన్ని విధాలా పరీక్షించి చూసింది కానీ, తనను తాను పరీక్షించుకోలేదు. సిగ్గుతో ఆవిడ చెవులు వేడెక్కాయి.

"బ్రేకు మీంచి కాలు తియ్యండి" అన్నాడు పెద్దాయన నెమ్మదిగా. "నాకు వినపడుతోంది."

"నా వల్ల కాదండీ. మీరు అమ్మేది ఇంకెవరికైనా..."

"ఎంతమందికి నేర్పారు?"

"లెక్క లేదు."

"భయపడ్డవాళ్లకు ఏం చెప్తారు?"

"పక్కన నేనున్నాను అని చెప్తాను."

"పక్కన నేనున్నాను" అన్నాడాయన. "గేరు దించండి. ఊఁ. ఇప్పుడు తొక్కండి. ఇంకా. భయపడకండి, రోడ్డు అక్కడే ఉంటుంది. ఇంకా తొక్కండి."

ఆవిడ తొక్కింది. వెనక నల్లటి పొగ ఓ మేఘమంత లేచి, పల్చబడి, మాయమైపోయింది. ఆ తర్వాత వచ్చింది మోత, ఆనాడు పొట్టలో తగిలినది. ఇప్పుడు అది పక్కనుంచి దాటిపోవడం లేదు, ఆవిడతోనే వస్తోంది. "అక్కా! అక్కోయ్!" అని వెనక పెనుభూతం గోల. నాలుగో గేరు, ఐదో గేరు. ఆవిడ నవ్వుతోందో ఏడుస్తోందో ఆవిడకే తెలియలేదు. పెద్దాయన అద్దం దించి, తల గాలికి వదిలేసి, "అదీ. అదీ" అంటున్నాడు.

బండి కొనేసింది. తమ్ముడు ప్లగ్గులు మార్చాడు, నూనె మార్చాడు, దిష్టి తగలకూడదని తనే దాన్ని తిడుతూ ఓ గుడ్డ ముక్కతో రోజూ తుడిచి వెళ్తున్నాడు.

కొన్నాళ్ల తర్వాత ఓ పొద్దున ఇంటావిడ ఫోను చేసింది. గొంతు చాలా చిన్నది చేసుకుని మాట్లాడింది. "ఏమనుకోకండమ్మా. ఆయన షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు. పొద్దున్నే. ఏమీ అడగరు. ఉత్తినే కూర్చుంటారు."

బ్రేకు మేడం చెప్పులు కూడా వేసుకోకుండా బయటికెళ్లింది. బానెట్ మీద చెయ్యి వేసింది. చల్లగా ఉంది. "ఫోను ఆయనకివ్వండి" అని, లోపల కూర్చుని, తాళం తిప్పి, దిగివచ్చి ఫోనును ఇంజన్ దగ్గర పట్టుకుంది. అవతల ఆయన ఊపిరి బిగపట్టి వింటున్నట్టు తెలుస్తూనే ఉంది.

"గొంతు విప్పింది" అన్నాడు చివరికి. "ఎక్కడికి బయల్దేరారు?"

ఆవిడ ఎక్కడికీ బయల్దేరలేదు. ఇంకాసేపట్లో ఎవరికో నేర్పడానికి వెళ్లాలి, అన్నం పొయ్యి మీద ఉంది.

"కొండకు" అంది. "దారి మీరు చెప్పాలి."

వంటింట్లోకి తొంగిచూసి పొయ్యి సంగతి భర్తకు చెప్పి వచ్చింది. ఫోను స్పీకరు మీద పెట్టి పక్కసీట్లో ఉంచింది. వీధి మలుపు దగ్గర ఇండికేటర్ వేసి, ఆ టిక్కుటిక్కు ఆయనకు వినపడేదాకా ఆగి, మెల్లగా మలుపు తిరిగింది.

"రెండో గేరు" అన్నాడాయన.

ఆవిడ రెండో గేరు వేసింది.