నాన్న పంచిన పాస్‌వర్డ్

మా ప్రింటింగ్ షాపు కంప్యూటర్ పాస్‌వర్డ్‌ని నాన్న రెండు ముక్కలు చేసి, మొదటి సగం నాకూ, రెండో సగం చెల్లికీ ఇచ్చాడు. ఆయనకి ఇలాంటి వింత బుద్ధులు చాలానే ఉండేవి లెండి. రోజువారీ పనికి ఆ పాస్‌వర్డ్ అక్కర్లేదు. ఉన్న ప్రోగ్రాముల్ని అప్‌డేట్ చేయాలంటే మాత్రం ఇద్దరం కుర్చీలు జరుపుకుని పక్కపక్కన కూర్చోవాల్సిందే.

ఆదివారం పొద్దున షట్టరు సగం దించి ఆ పని పెట్టుకునేవాళ్లం. నాన్న నల్ల తెర మీద ఒక్క లైను కొట్టేవాడు. అంతే, ప్యాకేజీ మేనేజర్ అనే ప్రోగ్రాము లేచి, మా ప్రోగ్రాముల్లో ఏవి పాతబడ్డాయో తనే చూసుకుని, కొత్తవి తెచ్చి సర్దిపెట్టేది. "దీన్ని మీ అమ్మకి చూపించకండే, ఇక సర్దడానికి నేనెందుకు అంటుంది" అనేవాడు.

అది పాస్‌వర్డ్ అడగ్గానే నేను నా సగం కొట్టేదాన్ని, చెల్లి మొహం గోడవైపు తిప్పుకునేది. తర్వాత చెల్లి తన సగం కొట్టేది, నేను తిప్పుకునేదాన్ని. కొట్టిన అక్షరాలు తెర మీద చుక్కలుగా కూడా కనపడవు. తప్పు పడిందంటే "నువ్వే!" "కాదు, నువ్వే!" అని జుట్లు పట్టుకునేవాళ్లం. నాన్న టీ తాగుతూ చోద్యం చూసేవాడు. ఏం చదివినా, ఏం రాసినా నోట్లో గొణుక్కోవడం నాకు అలవాటు. "గొణుగుడమ్మ మొదలెట్టింది" అని ఏడిపించేవాడు. లైన్లు గబగబా పైకి పోతుంటే, నోరు తిరగని ఆ ప్రోగ్రాముల పేర్లు చదివి పడీపడీ నవ్వేవాళ్లం.

నాన్న పోయాక బోర్డు దగ్గర మా ఇద్దరికీ చెడింది. ఆయన స్వయంగా రాసిన షాపు బోర్డు వెలిసిపోయిందని, నాతో ఒక్క మాటైనా చెప్పకుండా చెల్లి కొత్త రంగు వేయించేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చినట్టు అన్నాను. అదేమైనా తక్కువ తిందా? నాకు రెట్టింపు అంది. పక్క వీధిలో ఇంకో ప్రెస్సులో పనికి కుదిరిపోయింది. దారిలో ఎదురుపడితే ఇద్దరం ఫోన్లు చూసుకుంటూ పోయేవాళ్లం. షాపు కంప్యూటర్‌కి ఆ తర్వాత అప్‌డేటన్నదే లేదు.

మొన్న పాత ప్రింటర్ చచ్చి ఊరుకుంది. కొత్తది తెస్తే కంప్యూటర్ దాన్ని గుర్తే పట్టదు. రిపేరాయన వచ్చి చూసి, "ప్రోగ్రాములన్నీ పాతవమ్మా, అప్‌డేట్ చేస్తేగానీ కుదరదు. పాస్‌వర్డ్ చెప్పండి" అన్నాడు.

"నాకు సగమే తెలుసు."

ఆయన నవ్వాడు. "దానికేముంది, పాత పాస్‌వర్డ్ తీసేసి కొత్తది పెట్టేస్తాను. చిటికెలో పని. ఇక ఎవర్నీ బతిమాలక్కర్లేదు."

ఎంత తేలిగ్గా అనేశాడు మహానుభావుడు! అలా చేస్తే చెల్లికి ఈ గుమ్మం ఎక్కడానికి మిగిలున్న ఒక్క కారణమూ పోతుంది. నాకు భయమేసింది. ఆయన్ని పంపించేసి, చెల్లికి ఫోన్ చేశాను.

"ప్రింటర్ పనిచెయ్యట్లేదు. నీ సగం కావాలి" అన్నాను పొడిపొడిగా.

"సాయంత్రం వస్తా" అని టక్కున పెట్టేసింది.

వచ్చింది. నా మొహం చూడకుండా వెళ్లి తన పాత కుర్చీలో కూర్చుంది. సరిగ్గా అప్పుడే ఎవరో బైండింగ్‌కి ఇచ్చిన కాగితాల కోసం వచ్చారు. వాళ్లని పంపి వెనక్కి వచ్చేసరికి తెర నిండా ప్రోగ్రాముల పేర్లు. కింద, కొనసాగించమంటారా అన్న ప్రశ్న.

"పాస్‌వర్డ్ ఏది?"

"కొట్టేశా."

"నా సగం?"

"అదీ కొట్టా."

"నీకెలా తెలుసే?"

"గొణుగుతావుగా అక్కా. మొదటి ఆదివారమే అక్షరం అక్షరం వినపడింది. నాన్నకి చెబితే, నీకు చెప్పొద్దన్నాడు."

ఇన్నేళ్లూ గోడవైపు తిరిగిన ఆ మొహమే కళ్లముందు మెదిలింది. "మరి ఆయన పోయాకైనా చెప్పలేదేం?"

అది కీబోర్డు వైపే చూస్తూ అంది. "చెబితే, అయితే నువ్వే చేసుకోవే అనేదానివి. నా పక్కన కూర్చునేదానివా? నన్ను పిలిచేదానివా?"

ఏడుపు ఆగలేదు. ఆపుకోవాలనీ అనిపించలేదు.

"జరుగు" అన్నాను. జరిగింది. నా కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, అవునని నొక్కాను. లైన్లు గబగబా పైకి పోవడం మొదలెట్టాయి.

"బోర్డు రంగు బాగానే ఉందిలే" అన్నాను.

"అబద్ధాలాడకు."

"ఆదివారం రా."

"వస్తా. నీ సగం మాత్రం నువ్వే కొట్టుకో" అంది చెల్లి.